కాలువ నీళ్లొచ్చాక మారిన కంచం

వనపర్తి జిల్లా ఆత్మకూరు చుట్టుపక్కల ఊళ్లలో డెబ్బై దాటిన ఎవరినైనా కదిపి చూడండి. చిన్నతనంలో తెల్లన్నం పండుగకో పబ్బానికో, ఇంటికి చుట్టం వస్తేనో దొరికేదని చెప్తారు. మిగతా రోజుల్లో జొన్న రొట్టె, జొన్న గటక, తైద అంబలి. చెలకల్లో పండేది అదే, కంచంలో పడేదీ అదే. కృష్ణా నది పక్కనుంచే పారుతున్నా ఆ నీళ్లు చేలకెక్కేవి కావు. 1981లో జూరాల ప్రాజెక్టుకు పునాదిరాయి పడింది. తొంభైల్లో కాలువలకు నీళ్లొదలడం మొదలయ్యాక చెలకలు మడులయ్యాయి. అంతకుముందే, 1983లో, కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చి పేదల ఇళ్లలో అన్నం ఉడికించింది. 2025 ఉగాది నుంచి రేషన్ షాపుల్లో మనిషికి నెలకు 6 కిలోల సన్న బియ్యం ఉచితంగా ఇస్తున్నారు.

ఇది చిన్న మార్పు కాదు. గుంపు మేస్త్రీల వెంట మూటాముల్లె సర్దుకుని పోయి, దేశమంతటా ఆనకట్టలకు తట్టలు మోసిన పాలమూరు కూలీల ఇళ్లలో పొద్దున, రాత్రి కడుపునిండా అన్నం ఉండటం గొప్ప విషయం. ఆ అన్నాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. అయితే అన్నం పెరిగిన ఆ ముప్పై, నలభై ఏళ్లలోనే ఒంటి పని తగ్గింది. నాగలి పోయి ట్రాక్టరు వచ్చింది. కోతకు మిషను దిగింది. మోట కొట్టిన చేతులు ఇప్పుడు సెల్‌ఫోన్‌తో మోటారు ఆన్ చేస్తున్నాయి. పక్క ఊరికి నడిచిపోయిన మనిషి కొడుకు వీధి చివరి దుకాణానికి కూడా బండి మీదే పోతున్నాడు. తిండి ఒక దిక్కుకు, పని ఇంకో దిక్కుకు జరిగాయి. మధ్యలో ఇరుక్కున్నది మన ఒళ్లు. తరతరాలుగా ఆకలికీ కష్టానికీ అలవాటు పడిన ఒంటికి ఒక్క తరంలో ఇంత మార్పు తట్టుకోవడం కష్టం.

"సన్నగా ఉంటాం, మాకెందుకొస్తుంది షుగర్?" ఊళ్లలో తరచూ వినబడే మాట ఇది. దీనికి జవాబు 2004లో లాన్సెట్ పత్రికలో ఫోటోతో సహా వచ్చింది. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫోటో అది. ఎత్తును, బరువును కలిపి లెక్కించే బీఎంఐ ఇద్దరికీ ఒక్కటే, 22.3. చూపుకు ఇద్దరూ బక్కపలచని మనుషులే. ఒంట్లో కొవ్వు కొలిస్తే మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం తేలింది. రెట్టింపు దాటింది! మన దేశస్తుల్లో చాలామంది తీరు ఇదే. కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. ఆ కొవ్వు కూడా చేతులకూ కాళ్లకూ కాకుండా పొట్ట లోపల, కాలేయం చుట్టూ చేరుతుంది. అందుకే మన దగ్గర తక్కెడ కంటే టేపు నిజం చెప్తుంది. మగవాళ్లకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. యూరప్ వాళ్లకు బీఎంఐ 25 దాటాక అధిక బరువు అంటే, మనకు 23 దగ్గరే ఆ హెచ్చరిక మొదలవుతుంది.

ఈ తీరు తల్లి కడుపులోనే మొదలవుతుందని చెప్పే ఆధారం మన తెలుగు ఊళ్ల నుంచే వచ్చింది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ దగ్గర్లోని 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక పరిశోధన చేసింది. కొన్ని పల్లెల్లో గర్భిణులకూ చిన్నపిల్లలకూ అంగన్వాడీ ద్వారా అదనపు పోషకాహారం అందింది, మిగతా పల్లెల్లో ఆ పథకం ఇంకా మొదలు కాలేదు. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసుకు వచ్చాక మళ్లీ వెతికి పట్టుకుని పరీక్షించారు. ఫలితాలు 2008లో వచ్చాయి. తిండి అందిన పల్లెల పిల్లలు కొంచెం ఎత్తు పెరిగారు. వాళ్ల రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి, రక్తంలో చక్కెరను అదుపు చేసే ఇన్సులిన్ మాట ఒళ్లు బాగా వింటోంది. కడుపులో ఉన్నప్పుడో పసితనంలోనో పడిన ఒక ముద్ద పదిహేనేళ్ల తర్వాత గుండెకు కాపలా కాస్తోందన్నమాట. కడుపుతో ఉన్న కోడలు అందరూ తిన్నాక మిగిలింది తినడం ఇంకా ఎక్కడైనా ఉంటే, పుట్టబోయే మనిషికి షుగరును అక్కడే రాసిపెడుతున్నట్టు. ఆరోగ్యానికి ఎవరి బాధ్యత వాళ్లదే అంటాం గానీ, ఆ బాధ్యతలో మొదటి వాటా ఇంటిల్లిపాదిది.

ఇక ఒంట్లో జరిగేదేమిటో చూద్దాం. తిన్న అన్నం అరిగి గ్లూకోజుగా మారి రక్తంలో కలుస్తుంది. అందులో పెద్ద వాటా చేరాల్సింది కండరాలకు. జూరాల కాలువ కింద మడి ఉన్న రైతుకు దీన్ని వేరే చెప్పనక్కర్లేదు. రక్తం కాలువ, కండరం మడి, ఇన్సులిన్ తూము తీసే మనిషి. మడి అప్పటికే నిండి ఉంటే తూము ఎంత తెరిచినా నీళ్లు లోపలికి పోవు, కాలువ పొంగుతుంది. పని లేని కండరంలో నిన్నటి గ్లూకోజే ఖర్చు కాకుండా గ్లైకోజెన్ రూపంలో నిలవ ఉంటుంది. దానికి తోడు కండరంలో, కాలేయంలో కొవ్వు చేరితే అసలు తూమే తుప్పుపడుతుంది. క్లోమం పాపం ఇంకా ఇంకా ఇన్సులిన్ పంపుతుంది. అలా ఏళ్ల తరబడి పంపి అలసిపోయిన రోజున రక్తపరీక్షలో షుగర్ బయటపడుతుంది. అంటే పేరు పెట్టేనాటికే కథ చాలా దూరం నడిచింది.

నడిచినప్పుడు, బరువు ఎత్తినప్పుడు ఇంకో దారి తెరుచుకుంటుంది. కండరం కదిలితే చాలు, దాని లోపలున్న గ్లూకోజు వాహకాలు కణం పొర మీదికి వచ్చి, ఇన్సులిన్ ఉన్నా లేకున్నా గ్లూకోజును లోపలికి లాగుతాయి. ఆ ప్రభావం నడక ఆపిన తర్వాత కూడా గంటల తరబడి ఉంటుంది. ఒక్క రోజు వ్యాయామంతో ఇన్సులిన్ పనితనం మెరుగవుతుంది, రెండు మూడు రోజులు మానేస్తే ఆ మేలు కరిగిపోతుంది. అందుకే ఇది నెలకోసారి చేసే పని కాదు. తానం చేసినట్టు, పళ్లు తోముకున్నట్టు రోజువారీ పని.

దీనికి రుజువు ఉందా? చాలా గట్టి రుజువు, అదీ మన పొరుగున చెన్నైలోనే ఉంది. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం, షుగర్ అంచున ఉన్న 531 మందిని నాలుగు గుంపులు చేసి మూడేళ్లు వెంబడించింది. ఒక గుంపుకు మామూలు సలహా. ఒక గుంపుకు తిండి మార్పు, రోజుకు కనీసం అరగంట చురుకైన నడక. ఒక గుంపుకు మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు గోలీలు. ఇంకో గుంపుకు రెండూ. 2006లో వచ్చిన ఫలితం ఇదీ: మామూలు సలహా పొందినవాళ్లలో నూటికి 55 మంది షుగర్ రోగులయ్యారు. తిండి, నడక మార్చుకున్న వాళ్లలో 39 మంది. గోలీలు మింగిన వాళ్లలో 40 మంది. రెండూ చేసినవాళ్లలోనూ దాదాపు అంతే. నడక, తిండి మార్పు గోలీతో సమానంగా పనిచేశాయి. ఇందులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఇంకోటుంది. వాళ్ల బరువు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. అయినా కాపుదల దొరికింది! "నెల నుంచి నడుస్తున్నా, కిలో కూడా తగ్గలే" అని మానేసేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. తక్కెడ కదలకున్నా లోపల కండరం మారుతోంది.

చైనాలోని దాచింగ్ పట్టణంలో 1986లో 577 మందితో ఇలాంటి పనే మొదలుపెట్టి, ఆరేళ్లు చేయించి, ముప్పై ఏళ్ల దాకా లెక్క చూశారు. తిండి, వ్యాయామం మార్చుకున్న వాళ్లకు షుగర్ సుమారు నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చింది. గుండెజబ్బులు, పక్షవాతం తగ్గాయి, ఆయుష్షు ఏడాదికి పైగా పెరిగింది. ఇంకా వెనక్కి పోతే 1953లో లండన్‌లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు బస్సు సిబ్బందిని పరిశీలించాడు. రోజంతా కూర్చునే డ్రైవర్లతో పోలిస్తే రెండంతస్తుల బస్సులో మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెపోటు చావులు దాదాపు సగమే. ఒకటే బస్సు. పెద్ద తేడా మెట్లు.

చెన్నై లెక్కను రెండో వైపు నుంచి కూడా చదవాలి. చెప్పినట్టు నడిచి, చెప్పినట్టు తిన్నా నూటికి 39 మందికి షుగర్ వచ్చింది. వంశం, తల్లి గర్భంలో పడిన ఆకలి, వయసు మన చేతిలో లేనివి. కాబట్టి షుగర్ వచ్చిన మనిషిని "నీ తిండి వల్లే తెచ్చుకున్నావు" అని ఎత్తిపొడవడం అన్యాయం. మన వంతు పని మనం చేయడం వేరు, జబ్బు పడ్డవాణ్ణి దోషిని చేయడం వేరు.

ఇప్పుడు కంచం దగ్గరికి వద్దాం. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేయించిన ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో 10 కోట్లకు పైగా షుగర్ రోగులు, 13 కోట్లకు పైగా అంచున ఉన్నవాళ్లు ఉన్నారు. అదే సర్వే తిండి లెక్క కూడా తీసింది. మనం తినే శక్తిలో దాదాపు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోంది. మన ఇంటి భోజనాన్నే తీసుకోండి. కంచం నిండా అన్నం గుట్ట. దాని నడుమ గుంట చేసి పోసిన నీళ్ల పప్పు. అంచున చెంచాడు కూర. పక్కన ఇంత తొక్కు. చివర్లో మళ్లీ అన్నం, మజ్జిగ. అన్నం కూరకు తోడు కావాల్సింది పోయి, కూర అన్నం మింగడానికి సాయం అయింది.

"మళ్లీ జొన్నకే పోతే సరి" అంటారు కొందరు. సగం నిజం. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో చూస్తే, 100 గ్రాముల మరబట్టిన బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే, జొన్నలో 10 గ్రాములు. మాంసకృత్తులు కూడా జొన్నలో కొంచెం ఎక్కువ. కానీ పిండిపదార్థం? బియ్యంలో 78 గ్రాములు, జొన్నలో 68. తేడా ఉంది, భూమ్యాకాశాల తేడా మాత్రం లేదు. జొన్న రొట్టె చేసిన చేతులకు దాని అసలు గుణం తెలుసు. పిండిలో మసిలే నీళ్లు పోసి, చెయ్యి కాలుతుండగానే పిసికి, పీట మీద అరచేత్తో తడుతూ తిప్పుతారు. గోధుమలా సాగే గుణం లేక అంచులు పగులుతుంటే వేళ్లతో అదుముతూ పోతారు. పెనం మీద వేసి తడిగుడ్డతో నీళ్లద్ది తిప్పి కాలుస్తారు. ఒక్కో రొట్టెకు అంత పని. తినేవాళ్లకూ నమలక తప్పదు. ముక్క తుంచి, పుంటికూరో పప్పో అద్దుకుని నములుతుంటే రెండో రొట్టెకే కడుపు నిండిన కబురు మెదడుకు చేరుతుంది. మెత్తటి అన్నం ఆ కబురు చేరేలోపే రెండోసారి కంచంలో పడుతుంది.

జొన్నను దేవుణ్ణి చేయకూడదనడానికి ఇంకో కారణం మన దక్కన్ చరిత్రలోనే ఉంది. జొన్న తప్ప మరోటి దొరకని పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు కనిపించేది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగిలేది, విరేచనాలు, మతి చెదరడం ఉండేవి. నియాసిన్ అనే విటమిన్ కొరత అది. హైదరాబాద్ పోషకాహార పరిశోధనశాలలో డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ శ్రీకాంతయ్య 1960లో దీని మీద పరిశోధన ప్రచురించి, జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటానికీ ఈ జబ్బుకూ సంబంధం ఉండొచ్చన్నారు. కాబట్టి లోపమంతా జొన్న అనే గింజది కాదు, ఆ గింజ ఒక్కటే తినడంలోనూ ఉంది. నిన్న జొన్న ఒక్కటే తిన్నాం, ఇవాళ బియ్యం ఒక్కటే తింటున్నాం. పప్పు, కూర, పాలు, గుడ్డు పక్కన లేకపోవడం నాడూ నేడూ ఉన్న అసలు వెలితి.

తెలుగునాట ఈ పాతికేళ్లలో తిండి గురించిన ఆలోచన బాగా పెరిగింది. ప్రకృతి వైద్యులు మంతెన సత్యనారాయణరాజు గారి మాటలు విని ఉప్పు, నూనె తగ్గించిన ఇళ్లున్నాయి. చిరుధాన్యాలు తినమనే ఖాదర్ వలీ గారి మాటతో కొర్రలు, సామలు, ఊదలు, అరికెలు, అండుకొర్రలు పట్నం కొట్లలోకి వచ్చాయి. ఎవరి పద్ధతి మీద ఎంత చర్చ ఉన్నా, వంటింట్లో కూర్చుని ఆరోగ్యం గురించి మాట్లాడుకోవడం నేర్పినందుకు నేను సంతోషిస్తాను. నా అభ్యంతరం ఒక్కటే. ఏ ఆహార విధానమైనా "దీంతో షుగర్ పోతుంది, గోలీలు పారెయ్" అంటే దాన్ని నమ్మొద్దు. డాక్టరును అడక్కుండా షుగరు గోలీలో బీపీ గోలీలో ఆపేయడం ప్రాణం మీదికి తెస్తుంది.

మరి కంచంలో ఏం చేయాలి? అన్నం మానమని నేను చెప్పను. కాలువ కింద వరి పండించి అన్నం మానమంటే ఎవరు వింటారు? సగం చేయండి. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం తయారుచేసిన తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048 రకం, షుగరును కాస్త నిదానంగా పెంచుతుంది. తిండి షుగరును ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే గ్లైసీమిక్ సూచిక దానికి సుమారు 51 అని తేలింది. అదైనా రెండింతలు తింటే లాభం లేదు. తగ్గిన అన్నం చోటును పప్పు, శనగలు, పెసలు, కూరగాయలు నింపాలి. తినేటప్పుడు ముందు కూర, పప్పు తిని తర్వాత అన్నం తింటే షుగర్ పెరుగుదల తగ్గుతుంది. వనపర్తి, నాగర్‌కర్నూల్ చెలకల్లో పండే పల్లీ మన సొంత మాంసకృత్తుల గని. గుప్పెడు ఉడకబెట్టి తింటే మేలు. అదే నూనెలో దేవిన మిర్చి బజ్జీ పక్కన చేరితే కథ వేరు. జూరాల దగ్గర వేయించిన చేపలు తినని వాళ్లుండరు. ఆ చేపే ఇంట్లో పులుసు పెడితే నూనె సంగతి మన చేతిలో ఉంటుంది. ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలి, అంటే ఒక చిన్న చెంచా. తొక్కు, అప్పడం, మిక్చర్ కలిస్తే ఆ చెంచా మధ్యాహ్నానికే అయిపోతుంది. బీపీకి మొదటి మందు అక్కడే ఉంది. చాయ్‌లో చక్కెర, కూల్‌డ్రింకు, బీడీ, మందు గురించి మీకు తెలిసిందే, మళ్లీ చెప్పను.

నడక గురించి చెప్పబోతే రైతులు, కూలీలు అడిగే ప్రశ్న న్యాయమైంది: "పొద్దంతా పొలంలనే ఉంటం, మళ్ల నడుసుడేంది?" నిజంగా ఒళ్లు వంచి పనిచేసే వాళ్లకు వేరే వ్యాయామం అక్కర్లేదు. చెన్నై పరిశోధనలోనూ అలాంటి వాళ్లను ఉన్న పనినే కొనసాగించమన్నారు. కానీ నాట్లు, కోతలు అయిపోయాక నెలల తరబడి పనుండదు. ట్రాక్టర్ మీద కూర్చున్నవాడు పొలంలో ఉన్నా కూర్చునే ఉన్నాడు. అమరచింత, గద్వాల మగ్గాల దగ్గర గుంటలో కాళ్లు పెట్టుకుని పొద్దస్తమానం నేసే వాళ్లకు కాళ్లూ చేతులూ ఆడినా గుండె వేగం పెరగదు. ఆడవాళ్లది మరీ కష్టం. ఇంటి పని అలుపు తెస్తుంది గానీ ఊపిరి ఎగబోసేంత నడక వాళ్లకు దొరకదు, ఒంటరిగా నడవబోతే చూసేవాళ్ల మాటలు. 2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి కావలసినంత శారీరక శ్రమ లేదని, ఆడవాళ్లలో అది 57 శాతమని అంతర్జాతీయ లెక్కలు చెప్పాయి. ఆడవాళ్లు నలుగురు కలిసి పొద్దున్నే కాలువ గట్టు మీద నడిస్తే ఆ మాటలు వాటంతట అవే ఆగుతాయి.

వారానికి 150 నిమిషాల చురుకైన నడక ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కనీసం. మాట్లాడగలగాలి, పాట పాడలేనంత వేగం ఉండాలి. ఒకేసారి కుదరకపోతే తిన్న తర్వాత పదిహేను నిమిషాల చొప్పున మూడు పూటలా నడవండి. భోజనం తర్వాతి నడక షుగర్ పొంగును నేరుగా అణుస్తుంది, రాత్రి భోజనం తర్వాత మరీను. మనవాళ్లు తిన్న వెంటనే టీవీ ముందు ఒరిగే వేళ అది. నలభై దాటాక కండ కరుగుతుంది కాబట్టి వారానికి రెండుసార్లు బరువు పని కూడా కావాలి. గొంతుకూర్చుని లేవడం, నిండు బిందె ఎత్తడం, మెట్లెక్కడం చాలు. కురుమూర్తి జాతరకు పోయినప్పుడు గుట్ట మెట్ల మీద మీ ఊపిరి ఎలా ఉందో గమనించండి. నిరుడు ఆగకుండా ఎక్కినవాళ్లు ఈ ఏడు మధ్యలో కూలబడితే, ఎక్కుతుంటే ఛాతీ పట్టేస్తే వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి.

ఇవన్నీ చేయడానికి ముందు తెలుసుకోవాల్సింది మన లెక్క. షుగరు, బీపీ ఏళ్ల తరబడి నొప్పి పెట్టవు, కాబట్టి నొప్పి కోసం ఎదురుచూసే వాళ్లకు అవి కన్ను, కిడ్నీ, పాదం దెబ్బతిన్నాకే కనిపిస్తాయి. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ షుగర్, బీపీతో పాటు నోటి క్యాన్సర్, ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు ప్రభుత్వ కార్యక్రమంలో ఉచితం. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి వేలు చూపమంటే "మాకేం లేదులే" అని పంపించేయకండి. పరగడుపున షుగర్ 100 లోపు ఉంటే మంచిది, 100 నుంచి 125 దాకా అంచు, 126 లేదా ఆపైన ఉండి రెండోసారి పరీక్షలోనూ అలాగే వస్తే షుగర్ ఉన్నట్టు. బీపీ మళ్లీ మళ్లీ 140/90 దాటితే మందు గురించి డాక్టరుతో మాట్లాడాలి. అంచున ఉన్నామని తెలిసిన రోజు నిజానికి అదృష్టం. చెన్నైలో, దాచింగ్‌లో మేలు పొందినవాళ్లంతా ఆ అంచున నిలబడ్డవాళ్లే.

మీ ఇంట్లో 30 దాటిన వాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాయండి. ఈ నెలలోనే దగ్గరి ఉపకేంద్రానికో పల్లె దవాఖానకో తీసుకుపోయి బీపీ, షుగర్ చూపించి, నడుము కొలిపించి, అంకెలు ఆ పేర్ల పక్కన తేదీతో రాయండి. ఏడాది తర్వాత అదే నెలలో మళ్లీ చూపించుకోండి.